చేతులు ఎక్కడున్నాయో చూడు

మా పేటలో ఆడది ఒడ్డున పరిగెత్తిందంటే ఎవరో పోయారనే అర్థం.

ఇది ఎవరూ చాటింపు వేసి చెప్పింది కాదు. పుట్టినప్పట్నుంచి చూస్తాం, అలా ఉండిపోతాం. తట్ట నెత్తిన పెట్టుకుని ఆటో దగ్గరికి గబగబా నడుస్తాం. కెరటంలో పిల్లల కాళ్ళు కడుగుతాం. వలల మీద పడ్డ కుక్కని కర్రతో అదిలిస్తాం. పరిగెత్తం. పరుగు ఒక్కదానికే దాచుకున్నాం. బోటు తిరగబడిందని కబురు వస్తే ఆ ఇంటి ఆడది రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నీళ్ళకేసి పరిగెడుతుంది. దాన్ని చూసి పేటంతా లేస్తుంది.

ఈ వేసవిలో నేను పరిగెత్తాను. ఎవరూ పోకుండానే.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ సగంనుంచి జూన్ సగందాకా గవర్నమెంటు వేట ఆపేస్తుంది. ఇంజిను ఉన్న బోటేదీ సముద్రంలోకి దిగకూడదు. మా పేటలో ఇంజిను లేని బోటు లేదు. అన్నీ ఇసకలోకి లాగేసి, టార్పాలిన్లు కప్పేసి, మొగాళ్ళు భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లోకి వెళ్ళిపోతారు. మా ఆయన ధర్మేంద్ర కూడా వెళ్ళాడు. సాయంత్రం ఒంటినిండా సిమెంటు వేసుకుని వచ్చి, చేప వాసనే నయమే అనేవాడు.

ఇదంతా ఒక ఫోను వల్ల మొదలైంది. మా ఝాన్సీకి నాలుగో ఏడు. ఫోను చూపించకపోతే ముద్ద మింగదు. ఒక మధ్యాహ్నం దాని బొమ్మల వీడియో అయిపోయాక ఫోను దానంతట అదే ఇంకోటి వేసింది. అమెరికా ఆవిడ, పరుగు పందెం. మా రంగే. కాళ్ళు సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. మూడోది వచ్చింది. గీత దాటి ఓడిపోయిన మనిషి అలా నవ్వడం నేను చూడలేదు. నవ్వుతూనే కంచె దగ్గరికి వెళ్ళి, అవతల ఎవరి చేతుల్లోనో ఉన్న చిన్న పిల్లని అందుకుని చంకనేసుకుంది. అచ్చం మా దానంత పిల్ల. ఝాన్సీ నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని చూసింది. నేను చెయ్యి అలాగే ఉంచుకుని చూశాను.

ఆవిడ పేరు ఇంగ్లీషులో ఉంది. కూడబలుక్కుని చదివాను గానీ నోరు తిరగలేదు. ఝాన్సీయే పేరు పెట్టేసింది, పరుగత్త అని.

పరుగత్త బతుకంతా నేను తిరగేసి చూశాను. మొదట చూసిందేమో ఆఖరి పందెం. తర్వాత రోజు ఫోను కొంచెం వెనక్కి వెళ్ళింది. కాన్పయిన కొత్తలో, పొట్ట ఇంకా లోపలికి పోకుండానే, అందరికంటే వెనక పరిగెడుతోంది. ఇంకా వెనక్కి వెళ్తే ఒకరి చేతిలోంచి ఒకరికి కర్ర అందించుకునే పరుగు. కర్ర ఆవిడ చేతిలోంచే జారింది. మిగతా దేశాల వాళ్ళు వెళ్ళిపోయాక కూడా నేలమీద కూచునే ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే మెడలో బంగారం. ఏది ఎందుకు జరిగిందో నాకు పూర్తిగా అర్థమయ్యేది కాదు. పడ్డాక లేచిందని మాత్రం ముందే తెలుసు, లేచింది ముందు చూశాను కాబట్టి.

నా చదువు తొమ్మిదిలో ఆగిపోయింది. ఆగినప్పుడు నూరు మీటర్ల పరుగులో జిల్లాకి ఫస్టు. పుస్తకాలు పోయినందుకు ఏడ్చినట్టు గుర్తు లేదు.

అదే వారం భోగాపురంలో అనూరాధ టీచరు కనపడ్డారు. హైస్కూల్లో నాకు డ్రిల్లు నేర్పిన మనిషి. నన్ను కిందనుంచి పైదాకా చూసి, ఇంకా బరువెక్కలేదే అన్నారు. వేట మొదలైన తర్వాత వచ్చే ఆదివారం విజయనగరంలో పోటీలున్నాయట. ఆడవాళ్ళ నూరు మీటర్లకి చదువుతో పని లేదు, పెళ్ళితో పని లేదు. మొదటి ఇద్దరూ స్టేటుకి వెళ్తారు.

"పేరు రాయమంటావా దేవీ?"

ఇంట్లో అడిగి చెప్తానని నోటిదాకా వచ్చింది. "రాసెయ్యండి" అన్నాను.

మర్నాడు తెల్లారుతూనే ధర్మేంద్ర పాత ట్రాకు ప్యాంటు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి ఒడ్డుకి వెళ్ళాను. కెరటం వెనక్కి వెళ్ళాక తడిసిన ఇసక గట్టిగా ఉంటుంది, అక్కడ. పదేళ్ళ తర్వాత కదా, మొదట కాళ్ళు నావి కావనిపించింది. తర్వాత నావే అనిపించింది.

నేను పట్టించుకోనిది తాతమ్మని. పేటంతటికీ తాతమ్మే, తొంభై దగ్గర పడ్డ మనిషి. చూపు సగమే. అరుగుమీద కూచుని ఒడ్డున పరిగెత్తే ఆడమనిషిని చూసింది. అంతే, గుండెలు బాదుకుంటూ శోకం అందుకుంది.

"ఓలమ్మో, ఎవులు పోనారే, ఎవులింటి దీపం పోనాదే."

పేటంతా వచ్చేసింది. జడలు ఊడిపోయినవాళ్ళు, పళ్ళు తోముకునే బ్రష్షు నోట్లో ఉన్నవాళ్ళు. ఒకావిడ తన కొడుకు పేరు పెట్టి ఏడుస్తోంది, ఆ కొడుకు ఆవిడ పక్కనే లుంగీ సవరించుకుంటున్నాడు. అందరూ సముద్రం చూశారు, బోట్లన్నీ లెక్కపెట్టుకున్నారు, అన్నీ ఇసకలోనే ఉన్నాయి. అప్పుడు నన్ను చూశారు.

మా అత్త లక్ష్మణమ్మ మాత్రం బయటికి రాలేదు. గుమ్మంలో రాటని పట్టుకుని నిలబడిపోయింది. మా మావ సముద్రంలో పోయిన రోజు ఆవిడ ఈ ఒడ్డునే పరిగెత్తింది. అప్పటికి ధర్మేంద్ర చంటివాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దున్న ఆవిడ గుర్తు రాలేదు. ఆ రోజంతా ఆవిడ నాతో మాట్లాడలేదు. నా కంచంలో మాత్రం అన్నం ఎప్పుడూ పెట్టినంతే పెట్టింది.

వలలు కుట్టుకునే పాక దగ్గరికి రమ్మని కబురొచ్చింది. పేట పెద్ద జగన్నాధం, వరసకి మా మావకి అన్న. వల మీదనుంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఏటమ్మీ, ఆ ముసిల్దాని గుండె ఆగిపోతే ఎవులు సెప్తారు జవాబు?"

తాతమ్మ కాళ్ళు పట్టుకుని వచ్చానని చెప్పాను. అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి కదా పెద్దమావా. సముద్రంలో మనోడు ఒక్కడూ నేడు. నా పరుగు ఎవులికి తగుల్తాది?"

వెనకనుంచి ఎవరో, ఎయిర్‌పోర్టు కాడ లారీకి తగుల్తాదిలే అన్నారు. పాకంతా నవ్వింది. జగన్నాధం పెద్దమావకి కూడా నవ్వొచ్చింది, మీసం కింద దాచుకున్నాడు. సరే, బోట్లు దిగేదాకా నీ ఇష్టం, దిగినాక మటుకు ఒడ్డుమీద నీ కాలు నడవాలి గానీ పరిగెత్తకూడదు అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలుసు. ఆయనకి తెలీదు.

ఆ రోజునుంచి నా పేరు అమెరికా. కుళాయి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర, ఏటే అమెరికా, ఈయేల ఎక్కడిదాకా ఎల్లొచ్చినావు అనేవారు. ఝాన్సీని అమెరికా కూతురా అనేవారు. అది పొంగిపోయేది.

అనూరాధ టీచరు వీలున్నప్పుడు స్కూటీ మీద వచ్చి సరుగుడు తోట పక్కన నిలబడేవారు. ఎవరో వాడి వదిలేసిన ముళ్ళ బూట్లు తెచ్చిచ్చారు. అవి నా కాలికి పెద్దవి, ముందు గుడ్డముక్కలు కుక్కుకున్నాను. ఆవిడ కాళ్ళ గురించి ఒక్క మాట చెప్పేవారు కాదు. ఎప్పుడూ చేతులే. "కాళ్ళు వాటంతట అవే వస్తాయి. చేతులు చూసుకో. తుంటి దగ్గర్నుంచి గడ్డం దాకా, అంతే. అంతకంటే పైకి లేచాయంటే నువ్వు భయపడుతున్నట్టు." పరుగత్తని మళ్ళీ చూశాను. నిజమే. ముఖం ఎలా ఉన్నా చేతులు మాత్రం కత్తెరలా పక్కనే ఆడుతున్నాయి.

ఒక మధ్యాహ్నం ఝాన్సీ నిద్రపోతే నేను కర్ర జారిపోయే పందెం చూస్తున్నాను. వెనకనుంచి అత్త వంగి చూస్తోందని ఆవిడ ఊపిరి తగిలాక తెలిసింది.

"ఎవులైనా లేపినారా దాన్ని?"

"నేదత్తా. అదే లెగిసింది."

"మొగుడున్నాడా?"

"తెలీదు."

"పిల్ల ఉందన్నావు కదే." కాసేపు చూసింది. "మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. కర్ర మళ్ళీ జారింది. ఆవిడ నాలుక చప్పరించి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం నేను కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటుంటే సీసా లాక్కుని, ఇలగ కాదు, పైనుంచి కిందకి అని తనే రాసింది.

జూన్ వచ్చేసరికి పేటలో ఊపు వచ్చింది. బోట్లకి రంగులు, ఇంజిన్లకి రిపేరు. ధర్మేంద్ర సిమెంటు పని మానేసి వల ముందేసుకున్నాడు. నేను పక్కన కూచుని దారం అందిస్తున్నాను.

"పందెం ఆదివారం. మీరు దిగేది అంతకు ముందే. టీచరు ఆఖరి వారం ఆపొద్దంటన్నారు బావా" అన్నాను.

ముడి వేసి, దారం పంటితో తెంపి, అప్పుడు మాట్లాడాడు.

"నాను సముద్రంలో ఉండగా నువ్వు పరిగెత్తినంత మాత్రాన నాకేటీ కాదు. అది నాకు తెలుసు. కానీ ఏటైనా అయితే, దేవీ, నిన్ను ఇక్కడ బతకనియ్యరు."

"అయితే మానీమంటావా?"

"మానీమంటే మానీసేదానివా?" అని నవ్వాడు. "పరిగెత్తు. నాను తిరిగొచ్చీడం నాను సూసుకుంటాను."

ఆ మాట పట్టుకునే ఉన్నాను గానీ నాకు భయం లేదనుకోవద్దు. రోజూ ఝాన్సీ ఒళ్ళు వెచ్చబడిందేమోనని చూసేదాన్ని. గాలి మారితే గుమ్మంలో నిలబడేదాన్ని. ఆ అమెరికా ఆవిడకి ఓడిపోతే ఓటమి ఒక్కటే. నా పరుగు మీద బోటు బరువుంది.

నిషేధం అయిపోయిన పొద్దున్న బోట్లకి పసుపూ కుంకం రాసి, కొబ్బరికాయ కొట్టి, చీకటి విడకముందే దిగారు. మా బోటులో ధర్మేంద్రతో పాటు జగన్నాధం పెద్దమావ కొడుకు గోవింద్ ఉన్నాడు. ఎండ వచ్చాక నేను ఒడ్డుకి వెళ్ళాను. ఆడవాళ్ళు కొంతమంది నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. పరిగెత్తి వచ్చేశాను.

మధ్యాహ్నానికి బోట్లు రావడం మొదలైంది. తట్టలు నిండాయి, ఆటోలు నిండాయి. మా బోటు రాలేదు. సాయంత్రమైంది. మిగతావాళ్ళెవరూ దాన్ని చూడలేదన్నారు. ఫోన్లు కలవడం లేదు. మెరైన్ పోలీసులకి చెప్పారు. పక్క ఊళ్ళన్నిటికీ ఫోన్లు చేశారు. మా ఇంటి ముందునుంచి వెళ్ళేవాళ్ళందరి అడుగులూ నెమ్మదించేవి.

దీపాలు పెట్టే వేళకి జగన్నాధం పెద్దమావ వచ్చాడు. కోపంగా రాలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుమ్మం బయటే నిలబడి, నాతో కాదు, మా అత్తతో చెప్పాడు. నా మాట కాదు, అందరి మాటా ఇదే. రేపొద్దుట కోడలు పసుపునీళ్ళ బింద నెత్తినెట్టుకుని ఒడ్డుకి రావాలి. పేట ముందర గంగమ్మకి తప్పు ఒప్పుకోవాలి. ఇక పరిగెత్తనని అనాలి. "మా గోవిందు కూడా దాన్లోనే ఉన్నాడు లచ్చనమ్మా" అన్నాడు.

బింద ఎత్తడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. నిజం చెప్తున్నాను, ఆ నిమిషంలో ఏ బిందైనా ఎత్తేదాన్ని.

మా అత్త పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. మంట సర్దింది.

"బావా, ఆ రోజు నాను పరిగెత్తినానని మీ తమ్ముడు పోనేదు. ఆడు పోనాడని నాను పరిగెత్తినాను. ఏది ముందో ఏది ఎనకో నాకు తెలుసు. నీకూ తెలుసు. నువ్వూ ఒడ్డునే ఉన్నావు."

ఆయన తెల్లారితే రెండు బోట్లు వెతకడానికి పంపుతున్నానని చెప్పి వెళ్ళిపోయాడు.

పొద్దున్న అత్తే లేపింది. నిద్రపోలేదు కాబట్టి లేపడం కాదు. పక్కన బూట్లు పెట్టింది.

"నా వల్ల కాదత్తా."

"ఈయేల నువ్వు కూకుంటే ఒప్పుకున్నట్టే. రేపు ఆడు వచ్చినా, కోడలు కూకుంది గాబట్టి వచ్చినాడంటారు. నువ్వు కూకోవాలి, రేపు ఈ గుంట కూకోవాలి." ఝాన్సీని నిద్రలోనే ఎత్తి భుజాన వేసుకుంది. "లెగు. నా కొడుకు కోసం నాను సూస్తాను. నువ్వు పరిగెత్తు."

నాకంటే ముందు ఆవిడే ఒడ్డుకి నడిచింది. వెతికే బోట్ల దగ్గర జనం ఉన్నారు. నేను తడి ఇసక మీద గీత గీసుకుని వంగాను.

పరిగెత్తాను. కాళ్ళు టీచరు చెప్పినట్టే వాటంతట అవే వచ్చాయి. చేతులే రాలేదు. పైకి పోదామని చూశాయి. నెత్తిమీదికి పోవాలని ఉంది వాటికి. మా అత్తవీ, ఈ ఒడ్డున నాకంటే ముందు పరిగెత్తిన వాళ్ళందరివీ అలాగే పోయాయి. ధర్మేంద్ర కనపడ్డాడు నా కళ్ళముందు, పంటితో దారం తెంపుతూ. తుంటి దగ్గర్నుంచి గడ్డం దాకా, అనుకున్నాను. అంతకంటే పైకి పోనివ్వలేదు.

వెనకనుంచి తాతమ్మ శోకం వినిపించింది. "ఎవులు పోనారే" అని. దాని మీదనుంచి మా అత్త గొంతు వినిపించింది. అరవలేదు. సంతలో నెత్తళ్ళ చేపల ధర చెప్పినట్టు చెప్పింది.

"ఏటీ కానేదు. నా కోడలు పరిగెడతంది, అంతే."

గీతకి గీతకి మధ్య ఆగకుండా, అటూ ఇటూ, ఎన్నిసార్లో. ఏరు సముద్రంలో కలిసే వైపు వెళ్ళినప్పుడు చూశాను. దూరంగా ఒక బోటు, దాని వెనక తాడు, తాడు చివర ఇంకో బోటు. వెనకది మా బోటు. ఆకుపచ్చ అంచుకి మొన్ననే నేనే రంగు వేశాను.

ఇంజిను ఆగిపోయిందట. రాత్రంతా గాలి ఎటు తోస్తే అటు పోయి, తెల్లవారుజామున అవతలి ఊరి బోటుకి కనపడ్డారట. ధర్మేంద్ర దిగి ముందు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కొడుకు వీపుమీద ఒక్కటిచ్చి, ఇంజిను సూసుకోవా, గాడిదా అంది. అప్పుడు ఏడ్చింది.

అన్నం తింటూ ధర్మేంద్ర చెప్పాడు. ఒడ్డు కనపడగానే ముందు కనపడింది పరిగెత్తే ఆడమనిషట. గోవింద్ ఏడుపు మొదలెట్టాడట, ఇంటికాడ ఎవులో పోనారు అన్నా అని.

"నాను సేతులు సూసినాను. కిందే ఉన్నాయి. ఒరే, అది నా పెళ్ళాంరా, ఆదివారం పందెం ఉందని సెప్పినాను."

ఆదివారం పొద్దున్న గుమ్మం ముందు జగన్నాధం పెద్దమావ చేపల ఆటో వచ్చి ఆగింది. కడిగించి పంపాడు. ఎంత కడిగితే మాత్రం, విజయనగరం దాకా వాసన మాతోనే వచ్చింది.

మొదటిది సాలూరు పిల్ల వచ్చింది, పద్మకుమారి. లారీ డ్రైవరు కూతురు, నాకంటే చిన్నది. రెండో దాన్ని నేను. ఇద్దరం స్టేటుకి వెళ్తున్నాం. గీత దాటగానే పరుగత్తలా ఝాన్సీని చంకనేసుకుందామని కంచె దగ్గరికి వెళ్ళాను. అది నానమ్మ భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇప్పుడే పడుకుంది, లేపకు అంది మా అత్త.

మొన్న ఫోను చివరికి పరుగత్త మొట్టమొదటి పరుగు చూపించింది. బళ్ళో చదివే వయసు, బక్కపిల్ల. చేతులు గాల్లో ఎక్కడెక్కడో ఉన్నాయి. ఆవిడ కూడా నేర్చుకున్నదే.

ఇప్పుడు వేట సాగుతోంది. బోట్లు రోజూ వెళ్తున్నాయి, వస్తున్నాయి. పొద్దున్న నా వెనక ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు పరిగెడుతున్నారు, అందులో ఒకతె గోవింద్ చెల్లెలు. తాతమ్మకి చూపు ఇంకా తగ్గింది. మా అడుగుల చప్పుడు వినపడగానే అరుగుమీద లేచి నిలబడి, కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, దగ్గర ఎవరుంటే వాళ్ళని అడుగుతుంది.

"సేతులెక్కడున్నాయే?"

"కిందే ఉన్నాయి తాతమ్మా."

"అయితే పరిగెత్తనీ" అని మళ్ళీ కూచుంటుంది.